కృష్ణ ఖాతాలో సముద్రం వాటా

(డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)



కానూరి లక్ష్మణరావుగారి పేరు మీద మాట్లాడమంటే నీళ్ల గురించి తప్ప మరో మాట నోటికి రాదు. ఆయన 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. ఇంజనీరుగా పెద్ద పెద్ద ఆనకట్టల రూపకల్పనలో పాలుపంచుకున్నారు. ఆపైన విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖల మంత్రిగా పనిచేశారు. దేశంలోని నదులన్నిటి నీటినీ ఒకచోట పెట్టి చూపిస్తూ 1975లో 'ఇండియాస్ వాటర్ వెల్త్' అనే పుస్తకం రాశారు. నదిని చూస్తే మనకు నీళ్లు కనిపిస్తాయి, ఆయనకు నీళ్లతో పాటు అంకెలూ కనిపించేవి. అందుకే ఈ సాయంత్రం ఆ అంకెల గురించే మాట్లాడదామనుకున్నాను. నీటిని మనం ఎలా లెక్కిస్తున్నాం, ఆ లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదే నా విషయం. దేశదేశాల సంగతులు అక్కడక్కడా వస్తాయి గాని, నా ఉదాహరణ మాత్రం కృష్ణ.

పులిచింతల జలాశయానికి రావుగారి పేరు పెట్టారు. ఆ జలాశయంలోకి వచ్చే నీటిలో ఒక చిన్న పాయ సంగతి చూద్దాం. నాగార్జునసాగర్ నుంచి హైదరాబాదుకు తాగునీరు తోడుతున్నారు. మూడు దశలూ కలిపితే ఏడాదికి 16.5 టీఎంసీలు. గోదావరి మీది ఎల్లంపల్లి నుంచి మరో 10 టీఎంసీల పథకం ఉంది. ఈ నీళ్లు ఇళ్లలో, హోటళ్లలో, ఆసుపత్రుల్లో వాడుకున్నాక కాలువల్లో పడి మూసీలోకి చేరతాయి. దారిలో మూసీ ఒడ్డు రైతులు కొంత వరికీ, పశువుల గడ్డికీ, కూరగాయలకూ పెట్టుకుంటారు. మిగిలింది నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి పులిచింతలకు ఎగువన ఉంది. అంటే సాగర్ నుంచి ఎక్కి వెళ్లిన కృష్ణ నీరు నగరం చుట్టి మళ్లీ కృష్ణకే వస్తోంది. తనతో పాటు కాస్త గోదావరినీ వెంటబెట్టుకుని వస్తోంది.

ఇప్పుడు చెప్పండి. హైదరాబాదు కృష్ణ నీళ్లు ఎన్ని వాడుకున్నట్టు? తోడిన 16.5 అందామా? తిరిగి వచ్చింది తీసేద్దామా? తీసేస్తే, ఆ వచ్చిన నీరు ఏ స్థితిలో వచ్చిందో ఎక్కడ రాద్దాం?

ఈ ప్రశ్న కొత్తది కాదు. కృష్ణ నీటి పంపకానికి 1969లో ఏర్పాటైన బచావత్ ట్రిబ్యునల్‌కు ఇది ఎదురైంది. 1973లో నివేదిక ఇచ్చి, 1976లో దాన్ని పూర్తిచేసిన ఆ ట్రిబ్యునల్ విజయవాడ దగ్గర 78 ఏళ్ల ప్రవాహాల లెక్కలు ముందు పెట్టుకుని, నూటికి డెబ్బై అయిదేళ్లు నమ్మకంగా దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పొలాల నుంచి జారి మళ్లీ నదికి చేరే నీరు 70 టీఎంసీలుంటుందని అంచనా కట్టి, దాన్ని 25, 34, 11 చొప్పున పంచింది. మనందరికీ కంఠతా వచ్చిన 811 అలా పుట్టింది. రాష్ట్రం విడిపోయాక ఆ 811ని 512, 299గా తాత్కాలికంగా విడదీసుకుని ఏటా దాని మీద తగువులాడుకుంటున్నాం.

ఈ అంకెలు తెలిసినంతగా, అదే తీర్పులోని మరో నియమం జనానికి తెలియదు. తాగునీటికి తీసుకున్న నీటిలో నూటికి ఇరవై పాళ్లే వాడినట్టు లెక్క. పరిశ్రమలకు తీసుకుంటే నూటికి రెండున్నర పాళ్లే. సేద్యానికి తీసుకుంటే మాత్రం తీసుకున్నదంతా వాడినట్టే. ఈ ఒక్క నియమంలో నీటి లెక్క సారమంతా ఉంది. మళ్లించిన నీరు వేరు, ఖర్చయిన నీరు వేరు. మనిషి తాగి, స్నానం చేసి, గిన్నెలు తోమి వదిలిన నీరు మురికిదై పోతుంది గాని మాయం కాదు. పైరు పీల్చి ఆకుల మీదుగా గాలిలోకి వదిలిన నీరు మాత్రం ఆ ఏటికి ఆ నదికి దక్కదు. జలాశయం మీద ఎండకు ఆవిరైన నీరూ అంతే. తెలంగాణ ఇవాళ కృష్ణా బోర్డు ముందు హైదరాబాదు తాగునీటిని ఇరవై పాళ్లుగానే లెక్కించమని అడుగుతున్నది ఈ నియమాన్ని పట్టుకునే. ఆ లెక్కన 16.5 టీఎంసీలు తోడినా 3.3 మాత్రమే వాడినట్టు రాయాలి.

న్యాయమైన వాదనే. కాని నాకు అందులో ఒక వెలితి కనిపిస్తుంది. మిగతా 13.2 టీఎంసీలు నదికి 'తిరిగి వచ్చాయి' అని రాసే ముందు, అవి ఎలాంటి నీళ్లుగా తిరిగి వచ్చాయో అడగాలి కదా. శుద్ధి కాని మురుగును దిగువ రైతు పొలానికి పెట్టుకుంటున్నాడు, దిగువ ఊళ్లు దాన్నే కాచి వడబోసి తాగాలి. పరిమాణం లెక్కలో సరిపోయింది, నాణ్యతకు లెక్కలో గడే లేదు. బచావత్ కాలానికి హైదరాబాదు ఇంత నగరం కాదు కాబట్టి ఆ ట్రిబ్యునల్‌ను తప్పుపట్టలేం. ఈనాటి మనం మాత్రం ఆ గడి గీయకుండా ఇరవై పాళ్ల గురించి వాదించుకోవడం నాకు సబబుగా తోచదు.

అదే నివేదికలో మరొక వాక్యం ఉంది. భూగర్భజలాన్ని ఏ రాష్ట్రమైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు, అలా వాడింది కృష్ణ నీటి వినియోగంగా లెక్కకు రాదు. ఆ రోజుల్లో నుయ్యి తవ్వి మోట కొట్టేవాళ్లు, మహా అయితే చిన్న మోటారు పెట్టేవాళ్లు. లెక్కలోకి తేకపోయినా నదికి తెలిసేది కాదు. తర్వాత బోర్లు వచ్చాయి. పాలమూరు, నల్లగొండ, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో గట్టి రాతినేలను తొలుచుకుంటూ వందల అడుగుల లోతుకు వెళ్లాయి. వానలు వెళ్లాక కూడా వాగుల్లో సన్నగా ఊట పారేదంటే, ఆ నీరు నేలలోంచి వచ్చిందే. చుట్టూ బోర్లు పడ్డాక ఆ ఊట ఆగిపోయింది. వాగు ఎండితే ఏరు, ఏరు ఎండితే నది చిక్కిపోయింది. నేల కింది నీరు, నేల మీది నీరు ఒకే నీరని పల్లెలో చెలమ తవ్వుకున్న వాళ్లందరికీ తెలుసు. తీర్పు మాత్రం వాటిని రెండు వేరు ఆస్తులుగా చూసింది. ఒకవైపు చీటీ రాసి, రెండో వైపు తలుపు తీసి పెట్టినట్టయింది.

ఇక సేద్యానికి వద్దాం. నదీ జలాల్లో సింహభాగం అక్కడికే పోతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన ఇంజనీర్లు ఒక వాడుక లెక్క చెబుతారు. ఒక టీఎంసీతో ఆరు వేల ఎకరాల వరి పండుతుంది, ఆరుతడి పైర్లయితే పది వేల ఎకరాలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. దాన్ని ఆరు వేల ఎకరాల మీద పరిస్తే మీటరు ఎత్తు దాటి నిలుస్తుంది. అంత నీటినీ వరి తాగుతుందా? తాగదు. కొంత పైరు వాడుకుంటుంది, కొంత మడిలో ఆవిరవుతుంది, మిగిలింది నేలలోకి దిగుతుంది, లేదా మురుగుకాలువలో పడుతుంది. దిగిన నీరు కింది పొలంలో ఊటబావిగా వస్తుంది. మురుగుకాలువలో పడింది మరో కాలువ మీది రైతుకు అందుతుంది. పై పొలం వాడికి నష్టమన్నది కింది పొలం వాడికి ఆధారం.

ఇది గుర్తు లేకుండా మనం 'నీటి పొదుపు' చేస్తే ఏమవుతుందో చూడండి. కాలువకు సిమెంటు లైనింగు వేస్తారు. ఇంకడం తగ్గింది, చివరి భూములకు నీరు చేరింది, అందరూ సంతోషిస్తారు. కాలువ పక్క ఊళ్లలో బావులు ఎండిపోతాయి. వాళ్ల గోడు ఆ ప్రాజెక్టు నివేదికలో ఉండదు, ఎందుకంటే వాళ్లు ఆయకట్టుదారులు కారు. కాలువలో ఆదా అయిన నీరు నిజానికి వాళ్ల బావిలోంచి వచ్చింది.

డ్రిప్పు సంగతీ అలాంటిదే. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలైన నాటి నుంచి డ్రిప్పు మన మెట్ట జిల్లాల్లో ఎందరో రైతుల్ని నిలబెట్టింది. బత్తాయి తోటకు, టమాటాకు, మిరపకు అది చేసిన మేలు నేను కాదనను. కాని డ్రిప్పు పెట్టిన రైతు మోటారు కట్టేయడు. రెండెకరాల నీటితో నాలుగెకరాలు తడుపుతాడు. ఆ మాట అతను గర్వంగా చెబుతాడు, చెప్పాలి కూడా. ఇంతకుముందు మడిలో పారించినప్పుడు కొంత నీరు మళ్లీ నేలలోకి దిగేది. ఇప్పుడు చుక్క చుక్కా వేరుకే అందుతోంది. చుక్క చుక్కా ఆకు మీదుగా గాలిలో కలుస్తోంది. పంట పెరిగింది, రైతు బాగుపడ్డాడు, ఊరి భూగర్భజలం మాత్రం మునుపటికంటే వేగంగా పడిపోవచ్చు. 2018లో క్వెంటిన్ గ్రాఫ్టన్, ఆయన సహచరులు 'సైన్స్' పత్రికలో ఈ వైపరీత్యాన్నే ప్రపంచవ్యాప్త ఉదాహరణలతో రాశారు. పొలం దగ్గర పొదుపు జరిగినంత మాత్రాన పరీవాహకంలో నీరు మిగలదని, మిగలాలంటే మొత్తం వాడకానికి ఒక హద్దు ఉండాలని వాళ్ల వాదన. సబ్సిడీ ఇచ్చే శాఖ పొలాన్ని చూస్తుంది. వాగును చూసే శాఖ వేరు. ఇద్దరి లెక్కలూ ఒక కాగితం మీదికి రావు.

ఆవిరయ్యే నీటి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. శ్రీశైలం జలాశయం మీద ఏటా ఆవిరయ్యేది 33 టీఎంసీలని బచావత్ లెక్క. హైదరాబాదుకు కృష్ణ నుంచి ఇచ్చేదానికి అది సరిగ్గా రెట్టింపు. దాని మీద ధర్నాలు ఎవరూ చేయరు. వేసవికి జలాశయంలో ఎంత నీరు, ఎంత వెడల్పున నిల్వ ఉంచాలన్నది కూడా నీటి పంపకమేనన్న ఎరుక మనకు ఇంకా రాలేదు.

ఇప్పుడు సముద్రం దగ్గరికి వస్తాను. ఇక్కడ లక్ష్మణరావుగారితో నాకు అభిప్రాయభేదం ఉంది. ఆయన సభలో అది చెప్పకపోతే ఆయన్ను గౌరవించినట్టు కాదు. 1972లో ఆయన గంగ-కావేరి అనుసంధానం ప్రతిపాదించారు. పాట్నా దగ్గర వరద రోజుల్లో 60,000 క్యూసెక్కులు ఎత్తి దక్షిణాదికి తేవాలన్నది ఆలోచన. కరువు సీమల మీద ఆయనకున్న ఆర్తి అందులో నిండుగా ఉంది. ఆ ఆలోచన కింద ఒక నమ్మకం కూడా ఉంది. సముద్రంలోకి పోయే నీరు ఎవరిదీ కాదని, కాబట్టి తీసుకోవచ్చని. అది ఆయన ఒక్కరి నమ్మకం కాదు, ఆ తరం ఇంజనీర్లందరిదీ. ఇవాళ్టికీ ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున 'వృథాగా సముద్రం పాలు' అని పతాకశీర్షిక వస్తూనే ఉంది.

వృథాయేనా? కృష్ణ సముద్రానికి నీటితో పాటు ఒండ్రు మోసుకెళ్లేది. ఆ ఒండ్రు మీదే దివిసీమ లేచింది, డెల్టా పొలాలు లేచాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావుగారు, ఆయన సహపరిశోధకులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1960ల చివర కృష్ణ డెల్టాకు ఏటా దాదాపు 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-2005 నాటికి అది నాలుగు లక్షల టన్నులకు పడిపోయింది. మిగిలిందంతా ఎగువ ఆనకట్టల వెనుక పేరుకుంటోంది. ఒండ్రు రాకపోతే తీరం నిలవదు, అలలు కోసుకుపోతాయి. మంచినీరు తగ్గితే ఉప్పునీరు ఏటి ముఖం నుంచి పైకి ఎగబాకుతుంది, తీరగ్రామాల బావులు ఉప్పుబారతాయి. కృష్ణ ముఖద్వారంలోని మడ అడవికి ఉప్పు, తీపి రెండూ కలిసిన నీరు కావాలి. రొయ్య పిల్ల, పీత పిల్ల, చేప పిల్ల అక్కడే పెరుగుతాయి. వాటి మీద బతికే పల్లెకారుల కుటుంబాలకు ఎగువన ఏ ఆయకట్టూ లేదు, ఏ పట్టాదారు పాసుపుస్తకంలోనూ వాళ్ల నీటి వాటా రాసి లేదు.

2002 నుంచి 2004 దాకా వచ్చిన కరువులో కృష్ణ దాదాపు సముద్రం ముఖం చూడలేదు. సాగర్ ఆయకట్టులో వరి నాట్లు పడలేదు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు కృష్ణను 'మూసుకుపోతున్న పరీవాహకం'గా వర్ణించారు. వచ్చిన నీటికంటే రాసిపెట్టిన వాటాలు ఎక్కువైన నది అని దాని అర్థం. తర్వాత 2005లో, 2009లో, 2019లో పెద్ద వరదలు వచ్చాయి. వరద చూశాక కరువు మరిచిపోవడం మన అలవాటు. వరద ఏడాది అంకెలు పట్టుకుని కొత్త ఎత్తిపోతలకు శంకుస్థాపనలు చేస్తాం.

ఈ పొరపాటు మనకే పరిమితం కాదు. అమెరికాలో కొలరాడో నది నీటిని ఏడు రాష్ట్రాలు 1922లో పంచుకున్నాయి. అప్పటికి కొన్నేళ్లుగా వానలు బాగా పడుతున్నాయి. ఆ ఏళ్ల ప్రవాహాలే చేతిలో ఉన్నాయి. ఆ అంచనాతో కోటిన్నర ఎకరా-అడుగులు పంచేసి, 1944లో మెక్సికోకు మరో 15 లక్షలు ఒప్పందం రాశారు. నది అంత ఇవ్వలేదని తేలేసరికి పంపకం చట్టమైపోయింది. కొలరాడో సముద్రం చేరడం మానేసి దశాబ్దాలైంది. 2014 మార్చిలో మాత్రం రెండు దేశాలూ కూడబలుక్కుని మోరెలోస్ ఆనకట్ట నుంచి ఎనిమిది వారాల పాటు నదికోసమే నీరు వదిలాయి. ఎండిన ఇసుకలో నీరు వస్తుంటే ఏటి ఒడ్డున ఉన్న శాన్ లూయిస్ పట్టణం జనం పిల్లల్ని వెంటబెట్టుకుని దిగి వచ్చారు. వాళ్లలో చాలామంది చిన్నపిల్లలకు తమ నదిలో నీరు చూడడం అదే మొదటిసారి.

ఆస్ట్రేలియా మరో అడుగు వేసింది. మర్రే-డార్లింగ్ నది ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతుంటే 2002 నుంచి యంత్రాలు పెట్టి తవ్వవలసి వచ్చింది. 2007లో చట్టం చేసి నదికోసం నీటి హక్కులు కొనే ప్రభుత్వాధికారిని పెట్టారు. రైతుకు ఉన్నట్టే నదికీ ఖాతా ఉంటుంది, అందులో నీరు జమ అవుతుంది, చిత్తడి నేలకు ఎప్పుడు ఎంత వదిలారో బయటికి చెబుతారు. అక్కడి వాతావరణ శాఖ ఏటా జాతీయ నీటి లెక్క ప్రచురిస్తుంది. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. రైతు ఊళ్లలో దాని మీద కోపం ఉంది, ఎగువన మీటర్లు లేకుండా తోడుకున్నారన్న ఆరోపణలున్నాయి. అయినా నది పేరు లెక్కల పుస్తకంలో ఉంది. పోట్లాడడానికి ఒక అంకె ఉంది.

మనకు? బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ కృష్ణకు మరోసారి లెక్క కట్టి 2010లోను, 2013లోను నివేదికలిచ్చింది. 2,578 టీఎంసీల సగటు ప్రవాహంలో కనీస ప్రవాహం కింద మూడు రాష్ట్రాలకూ కలిపి 16 టీఎంసీలు కేటాయించింది. అంటే నూటికి ఒక పాలు కూడా కాదు. కోర్టు స్టే వల్ల ఆ నివేదిక ఇంకా అమలుకు రాలేదు, అది వేరే సంగతి. నదికి, దాని చేపకు, దాని మడ అడవికి, ముఖద్వారానికి కలిపి ఇంతే చాలునని అనుకోగలిగాం చూడండి, అది నన్ను కలతపెడుతుంది. నది బతకడానికి ఎంత కావాలో, ఏ నెలలో కావాలో ముందుగా లెక్కకట్టి పక్కన పెట్టి, మిగిలింది పంచుకోవాలి. మనం మిగలనిదాన్ని నదికి వదిలాం.

కొల్లేరు కథ కూడా ఇందులో భాగమే. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ పల్లపు సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీరు తెస్తాయి. రెండు డెల్టాల మురుగునీరూ అక్కడికే చేరుతుంది. ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చి, 2006లో ఆక్రమణ చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్ల మీద పోరాటం జరిగినంతగా నీటి మీద జరగలేదు. సరస్సులోకి మంచినీరు సరిగా రానప్పుడు ఉప్పుటేరు వెనక్కి పారి సముద్రపు నీరు తెస్తుంది. ఎరలేక, నీరు మారిపోయి పెలికాన్లు వలస మారుస్తాయి. దేశాంతరాల నుంచి వచ్చే పక్షికి మన టీఎంసీల తగువు తెలియదు, దాని బతుకు మాత్రం అందులోనే ఉంది.

ఇంతసేపూ పారే నీటి గురించే మాట్లాడాను. పారని నీటి సంగతి కూడా చెప్పాలి. వాన కురిసి నేలలో నిలిచే పదును ఏ టీఎంసీలోనూ లేదు. స్వీడన్‌కు చెందిన మాలిన్ ఫాల్కెన్‌మార్క్ 1990లలో దీనికి 'ఆకుపచ్చ నీరు' అని పేరు పెట్టి, ప్రపంచపు పంటలో పెద్ద వాటా దీని మీదే పండుతోందని గుర్తుచేశారు. అనంతపురం వేరుశనగ రైతుకు ఈ సిద్ధాంతం కొత్తగా చెప్పక్కర్లేదు. పదును ఉన్న అదునులో విత్తనం పడితే పంట, తప్పితే అప్పు. ఆ రైతుకు ఏ కాలువ వాటా లేదు కాబట్టి అతన్ని నీటి రాజకీయంలో ఎవరూ పట్టించుకోరు. పల్లపు భూమిలో నీటి హక్కుకు ట్రిబ్యునళ్లు వచ్చాయి. మెట్ట రైతు నీటికి ఏ ట్రిబ్యునలూ రాలేదు.

అలాగని వాటర్‌షెడ్ పనులన్నీ మంచివేనని తేల్చేయడానికి లేదు. కొండ కింద చెక్‌డ్యాములు, పొలంలో ఇంకుడు గుంటలు కట్టినచోట నేల తడిసింది, బోర్లు నిలబడ్డాయి. అక్కడికి పల్లాన ఉన్న చెరువుకు మాత్రం అలుగు పారడం తగ్గింది. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా వచ్చిన చెరువులు ఒకదాని అలుగు నీటితో మరొకటి నిండేవి. ఊరి నీరటి తూము ఎత్తేటప్పుడు కింది ఊరి చెరువునూ మనసులో పెట్టుకునేవాడు. పై ఊళ్లో పట్టుకున్న నీరు కింది ఊళ్లో తగ్గిన నీరన్న ఎరుక ఆ పద్ధతిలో ఉండేది. ప్రతి ఊరికీ వేరే నివేదిక రాసే మన పథకాల్లో లేదు.

ఇంత చిక్కు లెక్క మామూలు మనుషులకు చేతకాదని మీలో కొందరనుకోవచ్చు. అలా అనుకునేవాళ్ల కోసమే ఈ తర్వాతి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్యం అనే పథకం మొదలైంది. మొదట నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బిచ్చింది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నడిపించింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో సాగింది.

ఆ పల్లెల్లో వానకొలత పరికరం ఊళ్లోనే పెట్టారు. రోజూ ఉదయం ఊరి మనిషే, చాలాచోట్ల ఆడవాళ్లు, చూసి పుస్తకంలో రాసేవారు. ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం పదిహేను రోజులకోసారి కొలిచేవారు. బకెట్టు, గడియారం పట్టుకుని మోటారు నిమిషానికి ఎంత పోస్తోందో చూసేవారు. ఇవన్నీ ఊరి మధ్య బోర్డు మీద రాసి పెట్టేవారు. ఖరీఫ్ ముగిసి రబీకి ముందు అందరూ కూర్చునేవారు. ఊరిని కాక వాగు పరీవాహకాన్ని లెక్క పరిధిగా తీసుకోవడం ఇందులో గొప్ప సంగతి. ఈ ఏడు వాన ఎంత పడింది, నేలలోకి ఎంత దిగి ఉంటుంది, ఖరీఫ్‌లో ఎంత తోడాం, ఇప్పుడు ఎంత ఉంది అని లెక్కించేవారు. తర్వాత రైతు రైతూ లేచి రబీలో ఏం వేయదలచుకున్నారో చెప్పేవారు. వరి ఇన్ని ఎకరాలు, వేరుశనగ ఇన్ని, పొద్దుతిరుగుడు ఇన్ని. ఒక్కో పంటకు ఎంత నీరో వేసి కూడేవారు. కూడిక ఉన్న నీటిని మించితే ఆ మించింది అందరి కళ్ల ముందే బోర్డు మీద కనిపించేది.

అక్కడితో సమావేశం ముగిసేది. ఎవరికీ జరిమానా లేదు, ఎవరి మోటారూ పీకేయలేదు, ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. ఇంటికి వెళ్లిన రైతు తన లెక్క తాను చూసుకుని రెండెకరాల వరి ఒక ఎకరానికి తగ్గించుకునేవాడు, లేదా ఆరుతడికి మళ్లేవాడు. భారతదేశ భూగర్భజలాల మీద ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. రైతులు ఊరి మేలు కోసం త్యాగం చేసి తగ్గించలేదని, మార్చిలో పంట ఎండిపోతుందన్న భయం ముందే కళ్లకు కట్టడం వల్ల తమ మేలు కోసమే తగ్గించారని దాని విశ్లేషణ. ఆ మాట నాకు చాలా నచ్చింది. 2002లో మనం చేసిన జల, భూమి, చెట్ల చట్టం బోరుకు అనుమతి అడగమంటుంది. అనుమతి ఎవరు అడుగుతారు, ఎవరు ఇస్తారు? ఈ పల్లెల్లో మాత్రం చట్టం చేయలేని పని ఒక బోర్డు, ఒక సుద్దముక్క చేశాయి.

ఆ పథకం గడువు ఆ దశాబ్దం చివరికి ముగిసింది. వానకొలత పరికరాలు కొనడానికి మళ్లీ విదేశీ నిధి రావాలా? ఇప్పుడు పల్లెల్లో పంచాయతీలున్నాయి, ఒక రాష్ట్రంలో సచివాలయాలు, మరో రాష్ట్రంలో రైతు వేదికలు ఉన్నాయి. రబీకి ముందు ఒక్క రోజు ఈ లెక్కకు కేటాయించడం మన రెండు ప్రభుత్వాలకూ భారం కాదు.

మరో ఖర్చు మన కంటికి అసలు కనిపించదు. గుంటూరు మిర్చి యార్డు నుంచి బస్తాలు ఎక్కి దేశదేశాలకు వెళ్లే ఎండుమిర్చిలో కృష్ణ నీరు ఉంది. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికాకు వెళ్లే బియ్యంలో నదులూ బోర్లూ ఉన్నాయి. టోనీ అలన్ అనే బ్రిటిష్ ఆచార్యుడు సరుకులో దాగి వెళ్లే ఈ నీటిని లెక్కలోకి తెచ్చారు, ఆర్యెన్ హూక్‌స్ట్రా దాన్ని కొలిచే పద్ధతి ఏర్పరిచారు. ఎగుమతి ఆపమని నేననను. రైతుకు ధర అక్కడే వస్తోంది. అయితే ఎంత నీరు బయటికి పంపుతున్నామో తెలిసి పంపడం వేరు, తెలియక పంపడం వేరు. భూగర్భజలంతో పండిన బియ్యానికీ, వాన నీటితో పండిన కందులకూ ఒకే చూపు చూడకూడదు.

కృష్ణా బోర్డు ఇప్పుడు కాలువల తూముల దగ్గర టెలిమెట్రీ పరికరాలు పెడుతోంది. ఎవరెంత తీసుకున్నారో క్షణక్షణం తెలుస్తుంది. మంచిదే, ఇన్నాళ్లకు వచ్చింది. నేను కోరేది దానికి కొన్ని చేర్పులు. వాడపల్లి దగ్గర మూసీ ఎంత నీరు, ఎలాంటి నీరు తెస్తోందో కూడా అదే తెర మీద కనబడాలి. ఆయకట్టులో పంట నిజంగా ఎంత నీరు ఆవిరి చేసిందో ఉపగ్రహాల సాయంతో ఇప్పుడు అంచనా వేయవచ్చు, అది తీసుకున్న నీటి పక్కన వేయాలి. భూగర్భజలాన్ని కృష్ణ లెక్క నుంచి మినహాయించిన ఆ పాత వాక్యం మళ్లీ చర్చకు రావాలి. అది వస్తే ఎగువ, దిగువ రాష్ట్రాలన్నిటికీ ఇబ్బందే, మనకూ ఇబ్బందే. అయినా రావాలి. ప్రకాశం బ్యారేజీ దిగువన నెల నెలా ఎంత నీరు, ఎంత ఒండ్రు సముద్రానికి వెళ్లాలో డెల్టా శాస్త్రవేత్తలు, నాగాయలంక, కోడూరు వైపు మత్స్యకారులు కలిసి చెప్పాలి. ఆ అంకె వినియోగాల జాబితాలో అన్నిటికంటే పైన ఉండాలి. లక్ష్మణరావుగారు ఉంటే ఈ చివరి కోరికతో గట్టిగా వాదించేవారని నాకు తెలుసు. వాదన మధ్యలో ఆ అంకె ఎంత, దాన్ని ఎలా కట్టారు అని తప్పకుండా అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల కొలతలు మన దగ్గర ఇవాళ లేవు. వచ్చే వానాకాలం నుంచే కొలవడం మొదలుపెట్టవచ్చు.